అరటిపళ్లు పడవెక్కవు

సాయంత్రం నాలుగింటికి రేవుకి రమ్మంది
ఐసు అమ్మే ముసలావిడ.
"పడవని పొద్దున చూసి బేరమాడకు తల్లీ,
పొద్దున అన్ని పడవలూ పెళ్లికూతుళ్లే.
తిరిగొచ్చేటప్పుడు చూడు."

అందుకే నిలబడ్డాం ముగ్గురం
హ్యాటరస్ రేవులో, ఉప్పు తిన్న చెక్కల మీద,
డ్వైట్, నేను, మా కొలీన్.
నా సంచిలో కాఫీ డబ్బా.
డబ్బాలో ఆరువందల నలభై డాలర్లు,
అవి డ్వైట్ కొలిమి ముందు
రెండో షిఫ్టుకి కూడా ఆగిపోయిన శనివారాలు.

అతనికి మార్లిన్ కావాలి.
తీరం కనబడని నీలంలోకి వెళ్లాలి,
పన్నెండు గంటలు, పద్దెనిమిది వందలు.
"ఇంకో ఇద్దరు కలిస్తే మూడో వంతే కదా"
అని రొట్టె కాగితం మీద లెక్క వేశాడు.
లెక్క సరిగ్గానే ఉంది.
అందులో కొలీన్ లేదు,
కారు మలుపు తిరిగితేనే
కడుపు పట్టుకునే పిల్ల.

తెల్ల పడవ ముందొచ్చింది,
మూడింజన్లు, చెవులు పగిలే పాట.
"చేప పడకపోతే డబ్బు వాపస్!"
నల్లద్దాల కెప్టెన్ మాతో మాట్లాడుతూనే ఉన్నాడు,
అతని వెనక ఒక పెద్దాయన
ఒడ్డుకీ పడవకీ మధ్య కాలు చాచి
ఎవరైనా చెయ్యిస్తారేమోనని చూస్తున్నాడు.
చివరికి డ్వైటే ఇచ్చాడు.

తర్వాత అరవై మంది ఎక్కే పెద్ద పడవ,
మనిషికి యాభై.
మోచేతికి మోచెయ్యి,
గాలాలన్నీ ఒకదాన్నొకటి జడ అల్లేసుకుని
విప్పుకోవడానికే పూట గడిచిందట.

చిట్టచివర చిన్నది, రంగు పెచ్చులూడింది.
తాళ్లు మాత్రం ఎక్కడివక్కడ చుట్టచుట్టి ఉన్నాయి.
అందరూ దిగాక దిగింది లవోన్,
అరవై దాటిన కెప్టెన్, మోకాలికి పట్టీ.
మమ్మల్నొదిలేసి పిల్లనడిగింది:
"చేప పడకపోతే ఏం చేస్తావ్?"
కొలీన్ చాలాసేపు ఆలోచించింది.
"నీళ్లలోకి చూస్తా."
"ఎంతసేపు?"
"నాన్న ఇంక చాలనే దాకా."

డ్వైట్ గొంతు సవరించుకున్నాడు. "అయితే రేపు?"
"రేపు కుదరదు. ఈశాన్యం గాలి.
డబ్బు పుచ్చుకుని మీ చేత వాంతులు చేయించలేను.
గురువారం, ఐదున్నరకి. సగం పూట.
లోపలి నీళ్లే, తీరం కళ్ల ముందే ఉంటుంది.
నాలుగువందల యాభై.
చేపలు శుభ్రం చేసే కుర్రాడికి
మీకు తోచింది వేరే ఇవ్వండి.
టోపీ, పొడుగు చేతుల చొక్కా, అల్లం బిళ్లలు తెచ్చుకోండి.
అరటిపళ్లు మాత్రం తేవద్దు."
"ఎందుకు?"
"మా నాన్న చెప్పలేదు.
వాళ్ల నాన్న ఆయనకీ చెప్పలేదు.
తేవద్దంతే."

ముందుగా పైసా అడగలేదు.
పేరు రాసుకుంది, అరచేతి మీద,
పెన్నుతో.

బుధవారమంతా గాలి
అద్దె ఇంటి కిటికీల్ని అప్పులవాడిలా తట్టింది.
తెల్ల పడవ వెళ్లింది, పదికల్లా వచ్చేసింది.
దిగినవాళ్ల ముఖాలు నేను చూడలేదు,
డ్వైట్ చూసొచ్చాడు.
ఏమీ చెప్పలేదు, కాఫీ కలిపిచ్చాడు.

రాత్రి అతను కుర్చీ కాలికి దారం కట్టి
ముడులు నేర్చుకుంటున్నాడు.
కాలిన మచ్చల వేళ్లు,
ఇనుము మాట వింటుంది, నైలాన్ వినదు.
"మార్లిన్ అయితే ఈ ముడి ఆగదు" అన్నాడొకసారి,
ఎవరితోనో.
మళ్లీ విప్పాడు, మళ్లీ కట్టాడు.

నేను డబ్బు మళ్లీ లెక్కపెట్టాను.
కెప్టెన్‌కి ఇంత, కుర్రాడికి తొంభై,
మిగిలిన వందా ఇంటికి పెట్రోలు.
అల్లం బిళ్లలు, టోపీలు, పాత తువ్వాలు.
అప్పుడు కనబడ్డాయి బల్ల మీద
సోమవారం కొన్న అరటిపళ్లు, ఆరు.

పారెయ్యడానికి మనసొప్పలేదు.
ఇంట్లో ఉంచడానికీ ఒప్పలేదు,
నమ్మకమని కాదు, అయినా.
బూట్లతోనే నిద్రపోతున్న కొలీన్‌ని లేపాం.
అర్ధరాత్రి, వరండాలో, నిలబడే,
తలా రెండు, మాట్లాడకుండా తినేశాం.

తొక్కలు చెత్తబుట్టలో వేసి తలెత్తితే
ఎదురింటి జెండా కర్రని అంటుకుని
తడిబట్టలా వేలాడుతోంది.
గాలి ఎప్పుడాగిందో
ముగ్గురిలో ఎవరం గమనించలేదు.